అన్నం చెయ్యి, దారం చెయ్యి

"ఏ చెయ్యమ్మా?" అని డాక్టరు గారు అడిగితే, మా ఆయనా మా అమ్మాయీ ఒక్కసారే "కుడి చెయ్యండీ" అన్నారు. నన్ను అడిగిన మాటకి ఇంకెవరో జవాబు చెప్పడం మా ఇంట్లో మామూలే. అందుకని నేనూ తల ఊపి ఊరుకున్నాను.

నాకు రెండు చేతులూ వణుకుతాయి. ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే బుద్ధిగా ఉంటాయి. పని చెప్పామంటే చాలు, మొదలెడతాయి, పనిదొంగలు! మా ఊరి ఆర్.ఎం.పి. గారు నరాల బలహీనత అని ఏడాది పాటు సూదులు పొడిచారు. చివరికి విజయవాడలో పెద్ద డాక్టరు గారికి చూపిస్తే, "పార్కిన్సన్స్ కాదమ్మా, ఎసెన్షియల్ ట్రెమర్. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అన్నారు. మా అమ్మకి ఉండేది. ఆవిడ దాని పేరు తెలుసుకోకుండానే వెళ్ళిపోయింది. ఆయన ఇచ్చిన మాత్రలకి వణుకు తగ్గలేదు గానీ, కూర్చున్నచోటే కునుకు పట్టేది.

అప్పుడు చెప్పారు ఈ వైద్యం సంగతి. హైదరాబాదులో చేస్తారట. కొయ్యడం లేదు, కుట్టడం లేదు. తల చుట్టూ నుంచి శబ్ద తరంగాలు పంపి, అవన్నీ లోపల ఒక్క చోట కలిసేట్టు చేసి, వణుకు పుట్టే ఆ చోటుని ఆ వేడితో మాడ్చేస్తారట. అయితే ఒకసారికి ఒక్క చేతికే. రెండో చేతి సంగతి తరవాతెప్పుడో చూడాలి, దానికి హామీ ఏమీ లేదు. అందుకే ఆయన ఏ చెయ్యని అడిగారు.

తిరుగు బస్సులో కంకిపాడు దాటాక మా ఆయనతో అన్నాను, "ఎడమ చెయ్యి చేయించుకుంటానండీ" అని. "ఆ మాట మా అమ్మకి నువ్వే చెప్పుకో" అన్నాడాయన.

నాది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు అన్నం దగ్గర ఎడమ చెయ్యి లేచిందంటే మా నాయనమ్మ గరిటె కాడతో ఒక్కటిచ్చేది. బళ్ళో పంతులు గారు బెత్తంతో ఇచ్చేవారు. అలా తినడమూ రాయడమూ కుడికి మళ్ళాయి. కంచం దగ్గర ఎడమ చేతికి మిగిలింది ఒక్కటే పని. కుడి చెయ్యి ఎంగిలవుతుంది కాబట్టి మంచినీళ్ళ గ్లాసు ఎడమ పక్కన పెడతారు కదా, అది ఎత్తడం.

కానీ మాది నేతపని ఇల్లు. మగ్గం దగ్గర నా ఎడమ చేతిని ఎవరూ కొట్టలేదు. ఒక పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, నేయడం అయిపోయాక పాత పోగుల కొసలు దువ్వెనలాంటి అచ్చులో అలాగే ఉంచుతాం. కొత్త పడుగులో ఒక్కొక్క పోగునీ తీసి, దాని పాత పోగుతో కలిపి, బూడిద అద్దుకున్న వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. అచ్చు అతకడం అంటాం దాన్ని. ఒక పోగు తప్పితే చీర పొడుగునా ఆ తప్పు కనబడుతూనే ఉంటుంది. ఇద్దరు కూర్చుంటారు, చెరో అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకి వస్తారు. చల్లపల్లి పక్కన ఈ ఊరికి నేను కాపురానికి వచ్చిన కొత్తలో, మా అత్తగారు కుడి చేత్తో ఆ అంచు నుంచి, నేను ఎడమ చేత్తో ఈ అంచు నుంచి అతుకుతూ వస్తే, మోచేతులు తగలకుండా ఎంత హాయిగా సాగేదో! "దీని పుర్రచెయ్యి నాకు కలిసొచ్చిందే" అని వీధంతా చెప్పుకుంది ఆవిడ. అదే ఆవిడ, అదే చెయ్యి కంచంలో పడితే మాత్రం ఒప్పుకునేది కాదు. పసుపు కుంకుమ ఇవ్వాలన్నా, వడ్డించాలన్నా కుడి చెయ్యే.

వణుకు ముదిరాక పోగులు తెగిపోయేవి, పక్క పోగుతో కలిసిపోయేవి. నా చోట్లో పక్కవీధి ఆమె వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. మంచి మనిషే, పనిమంతురాలే. అయినా ఆమె వచ్చిన రోజున నేను వంటింట్లోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. ఒళ్ళు మండిపోయేది. ఆమె మీద కాదు, నా మీద.

ఇక ఇంట్లో పంచాయితీ. "అన్నం తినే చెయ్యి గాలికొదిలేసి, కడుక్కునే చెయ్యి బాగుచేయించుకుంటావంటే, నీకేమైనా మతి పోయిందా?" అంది అత్తగారు. "బంతిలో నలుగురి మధ్యా కూర్చుని చారు ఒంటి మీద పోసుకుంటావు జీవితాంతం. పెళ్ళికీ పేరంటానికీ పోవడం మానేశావు, ఇంకా మానేస్తావా?"

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను. ఇంట్లో చెంచాతో తిందామన్నా చెంచా పళ్ళకి కొట్టుకునేది. నోటి దాకా వచ్చిన ముద్ద ఒళ్ళో పడితే ఎంత చిన్నతనంగా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుసు. అయినా అన్నం ఇంకొకరు కలిపి పెట్టగలరు. అచ్చు దగ్గర నా చోట్లో ఇంకొకరు కూర్చుంటే అది నా పని కాదు.

"అత్తయ్యా, తినడం చెంచాతోనో గిన్నెతోనో నడిచిపోతుంది. అచ్చు అతకడం ఒక్కటీ నాకు కావాలి," అన్నాను. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. హైదరాబాదు బయల్దేరేటప్పుడు కూడా ఎదురు రాలేదు.

అంతకుముందే విజయవాడలో తలకి స్కానింగు తీశారు. పుర్రె ఎముక తరంగాల్ని పోనిచ్చేట్టుగా ఉంటేనే పని జరుగుతుందట. బాగుందన్నారు. "ఇన్నేళ్ళుగా నా మాట ఒక్కటీ ఎక్కని బుర్ర, మిషను మాట వింటుందట," అన్నాడు మా ఆయన. తల నున్నగా గొరిగించాలని కూడా చెప్పారు. "ఎలాగూ పోయే జుట్టే కదా, అమ్మవారికిచ్చేస్తే పుణ్యం వస్తుంది" అని ఆయన నన్ను విజయవాడలో కొండ మీదికి తీసుకెళ్ళి గుండు చేయించి, అక్కడి అలవాటు ప్రకారం గంధం పట్టించాడు. ఆ గంధం గుండుతోనే హైదరాబాదు హాస్పిటల్లో దిగాం. నర్సమ్మ నవ్వుకుంటూ తడిగుడ్డతో తుడిచింది. తుడిచాక చూస్తే అప్పటికే మోళ్ళు మొలిచాయి. మళ్ళీ గొరిగింది. అలా ఒకే మొక్కు రెండుసార్లు చెల్లించాను.

తలకి మత్తు సూదులిచ్చి ఇనప చట్రం బిగించారు. అది మాత్రం నొప్పే, దాచను. చల్లటి నీళ్ళ సంచీ లాంటిది తల చుట్టూ తొడిగి స్కానింగు మిషను గొట్టంలోకి తోశారు. మెలకువగానే ఉన్నాను. తరంగం పంపినప్పుడల్లా తలలో వేడి, మంచం తిరగబడుతున్నట్టు తూలు. ప్రతిసారీ బయటికి లాగి, ఎడమ చేతికి పెన్నిచ్చి చుట్టలు చుట్టలుగా గీత గియ్యమనేవారు, జిలేబీలాగా.

జిలేబీ రాలేదు. ఎన్నిసార్లు గీసినా నలిగిన పురుగే వచ్చింది. అక్కడి డాక్టరు గారి మొహం చూస్తే పని జరగలేదనుకుంటున్నారని తెలిసిపోయింది. పక్కాయనతో ఏదో ఇంగ్లీషులో అన్నారు. అన్నం చెయ్యి వదులుకుని మరీ వచ్చాను కదా, ఇదీ పోయిందా అనుకున్నాను. ఇంతలో నా మొద్దుబుర్రకి తట్టింది.

"డాక్టరు గారండీ, ఈ చేతికి రాత రాదండీ. దీన్ని బళ్ళో వెయ్యలేదు. దారం ఇచ్చి చూడండి."

ఆయనకి అర్థం కాలేదు. నర్సమ్మకి అర్థమైంది. కట్లు కట్టే గాజుగుడ్డలోంచి రెండు పోగులు లాగింది. నా కుడి చెయ్యి వణుకుతోంది కాబట్టి పోగుల కొసలు రెండూ కలిపి డాక్టరు గార్నే పట్టుకోమన్నాను. పాపం, ఆయన అచ్చులాగా కదలకుండా నిలబడ్డారు. బూడిద లేదు, వేలు నాలిక మీద తడి చేసుకుని మెలిపెట్టాను. మొదటిసారి జారింది. రెండోసారి పట్టింది. "ఇప్పుడు లాగండి" అన్నాను. ఆయన లాగారు. ఊడలేదు. ఆయన చిన్నపిల్లాడిలాగా నవ్వారు. నేను చట్రంలో తల కదపలేక, కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే అలాగే పడుకున్నాను.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు నడకలో తూలు ఉండేది, అదీ తగ్గింది. గుండు మీద కొంగు కప్పుకుని వీధిలోకి వెళితే అందరూ "ఏ మొక్కమ్మా?" అని అడిగేవారే.

కొత్త పడుగు ఎక్కించిన రోజున పక్కవీధి ఆమెకి ఎవరూ కబురు పెట్టలేదు. నేను వెళ్ళి ఈ అంచు దగ్గర కూర్చున్నాను. అత్తగారు ఆ అంచు దగ్గర అప్పటికే కూర్చుని ఉంది, కళ్ళజోడు పెట్టుకుని, బూడిద చిప్ప మధ్యలో పెట్టుకుని. పోగు ఏరిచ్చే పని మా ఆయన చేశాడు, గొణుక్కుంటూనే. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో మెలిపెట్టుకుంటూ పోయాను. మునుపటి వేగం లేదు. ఆవిడ సగం దాటి నా వైపుకి వచ్చేసింది. అయినా నా పోగులు ఒక్కొక్కటీ లాగి చూసుకుంటూ ఏమీ అనలేదు. అనలేదంటే బాగున్నట్టే.

మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నాం. అత్తగారే వడ్డించింది. అన్నం, దోసకాయ పప్పు. కుడి చేత్తో కలిపి ముద్ద ఎత్తాను. చెయ్యి దాని పని అది చేసింది. సగం పైట మీద, సగం చాప మీద. నేనే కోరి తెచ్చుకున్నది కదా, ఎవరితో చెప్పుకోను? తల వంచుకుని మెతుకులు ఏరుకుంటున్నాను.

ఆవిడ గరిటె కింద పెట్టింది. నా పక్కన గొంతుక్కూర్చుని, నా కుడి చెయ్యి తీసి తన కొంగుతో వేలు వేలూ తుడిచింది. తరవాత నా ఎడమ పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, ఒలకకుండా ఉండేందుకు సగం నీళ్ళు చెంబులోకి వంపేసి, తెచ్చి నా కుడి పక్కన పెట్టింది.

"చల్లారిపోతోంది, తిను," అని పప్పు వడ్డించడానికి మా ఆయన దగ్గరికి వెళ్ళిపోయింది.