ఊరికే కట్టిన పడవ

మొన్న మా చెల్లెలి కూతురు మైపాడు సముద్రానికి తీసుకెళ్తే, ఒడ్డున వరసగా ఉన్న ఫైబరు పడవలను చూసి, వీటికి ఒక్క అతుకూ లేదే, నీళ్లు ఎటునుంచి దూరతాయో ఎట్లా తెలుస్తుందని అడిగాను. దూరవు పెద్దమ్మా అంది. నేను నమ్మలేదు. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. పాలవాడి చెంబు బోర్లించి చూడనిదే పాలు పిండనిచ్చేదాన్ని కాను. అట్లాంటి నాకు పడవ కట్టుకునే మొగుణ్ణి రాసిపెట్టాడు దేవుడు.

అరవైల మొదట్లో మాట. మా ఆయన అల్లూరికి తూర్పున, సరుకుల పడవలు తిరిగే ఉప్పు కాలవ పక్కన ఒక ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు మాస్టరు. ఆయనదీ నాదీ వరి పండించుకునే ఇళ్లు. చేపలు పట్టే అవసరమూ లేదు, అవతలి ఒడ్డున చుట్టాలూ లేరు. అయినా కాలవలో పడవ బాగుచేసుకుంటున్న సరంగు దగ్గర కూర్చుని పని చూసి వచ్చి, మామిడి పలకలు తెప్పించి, ఆదివారం వస్తే చాలు వసారాలో ఉలి పట్టుకునేవారు. నేను దీపానికని చేసిపెట్టుకున్న వత్తులు మాయమవుతుంటే ఎలకలనుకున్నాను. చూస్తే వాటిని గుగ్గిలంలో ముంచి పలకల సందుల్లో కూరుతున్నారు. ఎందుకండీ ఇదంతా అంటే ఒకటే మాట, ఊరికే అని.

ఊరికే అంటే ఎవరు నమ్ముతారు చెప్పండి. మన కాలంలో మగవాడు ఊరికే చేసే పని చుట్ట కాల్చడమొక్కటే. పైగా అవి మద్యనిషేధం రోజులు. కాలవ మీద రాత్రిళ్లు సారా కుండలు దాటుతున్నాయని, మాస్టరు జీతం చాలక అందులో దిగాడని ఊరంతా గుసగుసలు. నా అనుమానం వేరు. కాలవ అవతల ఎవరున్నారా అని నేను కుమిలిపోయాను. పడవలో రెండు పీటలు బిగిస్తున్న రోజు నాకు అన్నం సయించలేదు.

పడవ పూర్తయింది. నీళ్లలో దించి చుట్టూ తిరుగుతారనుకుంటే, ఆయన దాన్ని కాలవ రేవులో పెట్టి, రాళ్లు నింపి, ముంచేశారు. ఇంత కష్టపడి కట్టి ముంచడమేమిటని నేనే నోరు తెరిచాను, ఇక ఊరి సంగతి చెప్పాలా. సారా కుండలు నీళ్లలో దాచేవాళ్లని అందరికీ తెలుసు. మర్నాటికల్లా ప్రొహిబిషన్ వాళ్లు వచ్చి పడవను పైకి లాగించారు. లోపల రాళ్లే ఉన్నాయి. కుండలు ముందే తీసేశాడన్నారు. కేసు రాస్తే మాస్టరు ఉద్యోగం ఊడినట్టే.

కొత్త చెక్క నీళ్లు తాగి ఉబ్బితేనే అతుకులు మూసుకుంటాయని ఆయన చెప్పారు. నిజమో కాదో తేల్చమని ఆఫీసరు చేపలు పట్టేవాళ్లుండే పట్టపుపాళెం నుంచి పెద్దను పిలిపించాడు. ఆ పెద్ద అబద్ధమాడే మనిషి కాదు. కాని వాళ్లు వేటకు వెళ్లేది దుంగలు కట్టిన తెప్పల మీద. తెప్ప నీళ్లు పీలిస్తే బరువెక్కుతుందని ఒడ్డుకు రాగానే విప్పి ఎండబెట్టుకుంటారు. "చెక్కని ఎండేస్తారు గాని నానేస్తారా సామీ, మా తాతల కాడినించి అట్టాంటిది చూళ్లేదు" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. కాలవలో పోయే పెద్ద పడవలు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాయి కనక వాటి అతుకుల సంగతి ఎవరికీ పట్టలేదు. పని చూపిన సరంగు ఎప్పుడో పడవ తీసుకుని వెళ్లిపోయాడు. మా ఆయన ముఖం పాలిపోయింది.

అప్పటిదాకా పరాయి మగవాళ్ల ముందు నోరెత్తని నేను, ఏ ధైర్యంతోనో ముందుకొచ్చాను. "మా నాయిన ఎండాకాలంలో బండి చక్రాలు నీళ్లల్లో ఏసేవాడు సార్. ఎండితే ఇనప కట్టు వదులైపోతాది, నానితే చెక్క ఉబ్బి బిగుస్తాదని. మీ ఊళ్లో ఎయ్యరా?" అన్నాను. ఆఫీసరూ సేద్యం చేసే ఇంటివాడే కాబోలు, కాసేపు పడవను, నన్ను మార్చి మార్చి చూసి, కేసు రాయబోయిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా ఆయన మాట నేను మొదటిసారి నమ్మింది ఆ చక్రాల మాట నా నోట్లోంచి వచ్చాకే.

తర్వాత మళ్లీ ముంచి నానబెట్టి, ఆ పడవలో నన్ను ఎక్కించుకుని తిప్పారు. అవతలి ఒడ్డున జీడిమామిడి తోటా, రెండు మేకలూ తప్ప ఎవరూ లేరని కళ్లారా చూసుకున్నాను. చుక్క నీరు లోపలికి రాలేదు. కాని ఊరు మమ్మల్ని చూసే చూపు మారలేదు. ఏడాది తిరక్కుండానే ఎవరో అర్జీ పెట్టారు, మెట్టప్రాంతానికి బదిలీ అయింది. పడవను ఎవరికో ఇచ్చేసి వచ్చాం.

ఆ తర్వాత ఆయన మళ్లీ ఉలి ముట్టలేదు. రిటైరయ్యాక, తీరికేగా, ఏదన్నా చేసుకోరాదా అని నేనే పోరుపెడితే అన్నారు, "నా ఊరికేకి పదిమందిలో నిన్ను మళ్లీ సాక్ష్యం నిలబెట్టేదానికి మనసొప్పదు" అని. అన్నేళ్లూ ఆ మాట లోపలే దాచుకున్నారని నాకు తెలియదు.

ఇప్పుడు మా పక్క ఫ్లాటులో ఎవరో రోజంతా ఏదో కొడుతుంటారు. ఎందుకని ఎవరూ అడగరు, ఎవరికీ అనుమానం రాదు. మా ఆయన ఎన్ని పడవలైనా కట్టుకోవచ్చు ఈ రోజుల్లో. కట్టుకునే ఆయనే లేరు.