ఆట పెట్టె మీద నిమ్మకాయ

నిన్న శేరిగూడలో ఒక మిత్రుడు కొత్త వీడియో గేమ్ డబ్బా విప్పుతుంటే గుప్పుమన్న ప్లాస్టిక్ వాసన నన్ను ఇబ్రహీంపట్నంలోని మా పాత ఇంటి టీవీ ముందు కూర్చోబెట్టింది.

నా చిన్నప్పుడు, అప్పుడే మార్కెట్లోకి వచ్చిన గేమ్ పెట్టెను మా బాపు హైదరాబాద్ నుంచి తెచ్చాడు. నల్లగా, నున్నగా ఉండేది; అందులో కార్ల రేసు ఆడేవాళ్ళం. కాసేపు ఆడితే పిల్లి వీపులా వెచ్చబడేది. నానమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, దిష్టి తగలకుండా పైన ఒక నిమ్మకాయ ఉంచింది. లారీలకూ దుకాణాలకూ నిమ్మకాయలు వేలాడటం చూసిన నాకు, అది లేకుండా ఏదీ నడవదని గట్టి నమ్మకం.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అక్క ఆ కాయ తీసి షర్బత్ చేసుకుని తాగేసింది.

"అక్కా, ఇగ గేమ్ నడ్వదు!" అని ఏడ్చాను.

"ఫికర్ జెయ్యకురా. గింజలు గూడ మింగిన. ఇగ కారు నా కడుపుల నడుస్తది," అంది మూతి తుడుచుకుంటూ.

మీట నొక్కాను. తెర నల్లగానే ఉండిపోయింది. అంతలో సంగీతం మోగి, ఎర్ర కారు రయ్యిమని దూసుకొచ్చింది.

"చూసినవా, దిష్టంత మీ అక్క కడుపులకు పోయింది," అంది నానమ్మ.

దాంతో నా భయం అక్క మీదికి మళ్ళింది. ఆమెకేమైనా అవుతుందేమోనని సాయంత్రం దాకా, ఆడుతూ కూడా, ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఆమె మాత్రం నన్ను రేసు మీద రేసు ఓడించి, "నానమ్మా, అన్నం పెట్టు. మస్తు ఆకలైతుంది," అంది.

పెద్దయ్యాక వేదికలెక్కి మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఎంతో వాదించాను, ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాను. ఆ రోజు అక్క ఆకలి మాట విని తేలికపడ్డంతగా నా మనసు ఏ గెలుపుతోనూ తేలికపడలేదు.