ఫ్రీజర్‌లో దాచిన పేరు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా తోడికోడలి నోరు మూతపడాలని కోరుకున్న మనిషిని నేను, ఆ సంగతి ఆమె ముందే, మీ అందరి ముందే ఒప్పుకోవడానికి ఈ ఉదయం నిలబడ్డాను, దేవునికే మహిమ!

నేను నరసాపురంలో క్రైస్తవ ఇంట పుట్టాను, మా నాన్న సండే స్కూలు టీచరు, కాబట్టి తెలియక పడిపోయానని చెప్పుకునే వీలు నాకు లేదు. ఇక్కడ క్రాన్‌బర్న్‌లో వృద్ధుల హోమ్‌లో పని చేస్తుండగా, మూడేళ్ల క్రితం, నా కడుపులో ఉన్న రెండో బిడ్డ ఐదో నెలలో పోయింది. అందరూ వచ్చారు, దేవుని చిత్తం అన్నారు, బిర్యానీ ఇచ్చారు, వెళ్లిపోయారు. మా మరిది భార్య సునీత మాత్రం ఇండియాలో ఉన్న మా అత్తగారికి ఫోన్ చేసి, "అక్క డ్యూటీలు మానలేదండీ, అందుకే ఇలా అయ్యింది" అన్నదట! ఆ మాట ఆ నోటా ఈ నోటా తిరిగి నా చెవిన పడింది. ఆదివారం సునీత మన సంఘంలో పాట ఎత్తుకుంటే నాకు ఒళ్లు మండిపోయేది, చివరికి మందిరానికి రావడమే మానేశాను.

నాతో పని చేసే హెదర్ ఒక్కతే నన్ను అడిగింది, ఆ బిడ్డకు పేరు పెట్టావా అని. హెదర్ పేగన్, అంటే ప్రకృతిలోనే దైవాన్ని చూసి కొలిచే మనిషి, తనను తాను మంత్రగత్తెనని నవ్వుతూ చెప్పుకునేది. ఏప్రిల్ ఆఖరున, ఈ దేశంలో చలి మొదలయ్యే వేళ, చనిపోయినవారిని తలచుకునే పండుగకు తన పెరట్లోకి పిలిచింది. అబద్ధమాడను సహోదరులారా, అక్కడ రక్తం లేదు, సాతాను లేడు, వాళ్లు సాతానును నమ్మరు కూడా. ఒక దేవత, ఒక దేవుడు, చంద్రుడు, ఋతువులను బట్టి ఏడాదికి ఎనిమిది పండుగలు, అంతే. గడ్డి మీద వలయం గీసి, నాలుగు దిక్కులను పిలిచి, నా బిడ్డ కోసం కొవ్వొత్తి వెలిగించారు, నేను మొదటిసారి బోరున ఏడ్చాను. సంఘంలో అడిగి ఉంటే ఆ ఓదార్పు దొరికేదేమో, అడగలేదు, పొగరు నాది!

అలా ప్రతి పౌర్ణమికీ వెళ్లాను. బొమ్మల కార్డులతో జోస్యం చూడడం నేర్చుకున్నాను, మొదట సరదాకి, తర్వాత కార్డు తీయనిదే కారు తీసేదాన్ని కాదు. హెదర్ రెండు మాటలు గట్టిగా చెప్పింది, ఎవరికీ హాని చేయవద్దని, మనం పంపింది ఏదైనా మూడింతలై మనకే తిరిగి వస్తుందని. నేను వింటేగా! ఒక మధ్యాహ్నం ఆమెకు చెప్పకుండా ఫోన్‌లో ఒక తంత్రం చూసి, కాగితం మీద సునీత పేరు రాసి, ఐస్‌క్రీమ్ డబ్బాలో వేసి నీళ్లు పోసి, ఫ్రీజర్‌లో మునక్కాయ ముక్కల ప్యాకెట్ల వెనక పెట్టాను, ఆ నోరు గడ్డకట్టాలని! మా నానమ్మ ఒక పక్క ప్రార్థన చేస్తూనే ఇంకో పక్క ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేది, ఇదీ అలాంటిదేలే అనుకున్నాను.

ఆరు వారాలు తిరగకుండానే సునీత మెడలో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ అయ్యింది, క్యాన్సరు గడ్డ కాదు, ప్రాణానికి భయం లేదు, కానీ గొంతు పోయింది. గుసగుస తప్ప మాట లేదు, పాట అసలే లేదు! ఆ కబురు విన్నప్పుడు నా చేతిలో గరిట జారి పడిపోయింది. నేనే చేశాను! మరి మూడింతలు ఎవరి మీదికి వస్తుంది? నాకు మిగిలింది తొమ్మిదేళ్ల కెజియా ఒక్కతే.

డబ్బా పారేద్దామంటే, మంచు కరిగితే ఇంకేం మూడుతుందోనని భయం! పిల్ల మంచం చుట్టూ రక్షగా ఉప్పు పోశాను, ప్రతి ఉదయం దాని గొంతు తడిమి చూసేదాన్ని. మరుసటి ఏడాది జూలై సెలవుల్లో, మావారు గనుల డ్యూటీకి పెర్త్ వైపు వెళ్లి ఉండగా, కెజియాకు జ్వరం వచ్చింది, గొంతు నొప్పి! నేను డాక్టరు దగ్గరకు పోలేదు, కార్డు తీశాను. తలకిందులుగా వేలాడే మనిషి బొమ్మ వచ్చింది, ఆగమని అర్థం. ఆగాను సహోదరులారా, రోజంతా రోగులను చూసుకునే నేను, రెండు రోజులు ఆగాను!

మూడో రోజు ఉదయానికి పిల్ల నోరు తెరవలేకపోయింది, ఉమ్మి మింగలేక కారుతోంది, "మమ్, ఐ కాంట్ స్వాలో" అంది, ఆ గొంతు అచ్చం సునీత గొంతులా ఉంది. నేను హెదర్‌కు ఫోన్ చేసి ఏ మంత్రం చదవాలో చెప్పమన్నాను. ఆమె నా మీద అరిచింది, మంత్రమేమిటి, వెంటనే అంబులెన్సును పిలువు అని!

అంబులెన్సు కోసం ఎదురుచూసిన ఆ పది నిమిషాలు ఉప్పు మీదే మోకరించాను. "ప్రభువా, చేసింది నేను, పిల్లను ముట్టవద్దు, మూడింతలు కాదు, ముప్పై ఇంతలు నా మీద వెయ్యి తండ్రీ" అని మొత్తుకున్నాను. మొత్తుకుంటూ ఉండగానే నాన్న సండే స్కూల్లో చెప్పిన పాఠం గుండెలో లేచింది. నా మీదికి తిరిగి రావలసినదంతా సిలువలో ఆయన మీద పడింది, పడి అక్కడే ఆగిపోయింది, ఇక నా బిడ్డ దాకా వచ్చేది ఏమీ లేదు! ఎన్నో నెలల తర్వాత నాకు ఊపిరి ఆడింది. లేచి, ఉప్పును కాలితో చెరిపేసి, వీధి తలుపు బార్లా తీశాను.

ఆసుపత్రిలో చూస్తే టాన్సిల్ వెనక చీముగడ్డ, ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరికి అడ్డుపడేదని డాక్టరమ్మ చెప్పింది. పిల్ల బతికింది, దేవునికే స్తోత్రం!

కెజియా ఇంటికి వచ్చిన మర్నాడు ఆ డబ్బా పట్టుకుని సునీత ఇంటికి వెళ్లాను. ఆమె వంటింటి సింకులో మంచుగడ్డ బోర్లించి మొత్తం చెప్పేశాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆమె కరుగుతున్న మంచును వేలితో పక్కకు తోస్తూ, "నా మెడలో గడ్డ రెండేళ్ల నుంచీ ఉందక్కా, భయమేసి ఎవరికీ చెప్పలేదు" అని గుసగుసగా అంది. తర్వాత, "అత్తయ్యగారితో ఆ మాట అన్నది నేనే అక్కా" అని నా చేయి పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టింది. తల వంచేసరికి ఆ గుసగుస కూడా వినపడలేదు, ఏ నోరు మూతపడాలని కోరానో ఆ నోటి దగ్గర చెవి పెట్టి విన్నాను. "ప్రభువా, మా అక్కను, అక్క బిడ్డలిద్దరినీ నీ చేతిలో పెడుతున్నాను." ఇద్దరినీ అంది! నా రెండో బిడ్డను మన సంఘంలో లెక్కలోకి తీసుకున్న మొదటి మనిషి సునీతే.

హెదర్ ఇప్పటికీ నా స్నేహితురాలే, నేను పౌర్ణమికి వెళ్లను, ఆమె ఆదివారం రాదు, ఆమె కోసం ప్రార్థిస్తున్నాను, మీరూ చేయండి. మీ మనసులో ఎవరి పేరైనా గడ్డకట్టించి దాచుకుని ఉంటే, భయపడకండి, ఈ రోజే యేసయ్య దగ్గరకు తెచ్చెయ్యండి, దాని ఫలితాన్ని మోసినవాడు ఆయన!

ఇప్పుడు సునీత పాట ఎత్తుకుంటుంది. గొంతు సగమే తిరిగి వచ్చింది, దయచేసి మైకు కాస్త దగ్గరగా పెట్టండి, నేను పక్కనే కూర్చుని వింటాను.