సడక్ వైపు వాకిలి

సూర్యాపేటలో మా మాదిగవాడ బెజవాడ సడక్‌కు వీపు పెట్టుకుని ఉండేది. ఒక్క ఇంటికీ అటువైపు వాకిలి లేదు. బయటివాళ్లు అది మా తెలివితక్కువతనం అనుకునేవాళ్లు. అసలు సంగతి వేరు. దొరలో, వాళ్ల మనుషులో దారిన పోతుంటే మావాళ్లు ఎక్కడ కూర్చున్నా లేచి నిలబడాలి. కనబడకపోతే లేచే పని లేదు. అందుకే మా తాతలు గోడలు అటు, గడపలు ఇటు పెట్టుకున్నారు. మా అమ్మను అవ్వా అని పిలిచేవాళ్లం. మోకాళ్ల నొప్పుల మనిషి, ఆ చాటు గడప మీద కూర్చుని కడుపునిండా తినేది.

పోలీసు చర్య అయి రాజ్యం మారాక ఊరు మా మీదికి పెరిగింది. సడక్ వెడల్పు చేయాలన్నారు, అంగళ్లు కట్టాలన్నారు. ఊరివాళ్ల ఇళ్ల జోలికి పోకుండా మా వాడే తీసేశారు. మునగాల వైపు, ఊరికి ఇంకా దూరంగా, చవిటి నేలలో జాగాలిచ్చారు. జాగాలు గొలుసుతో కొలిపించిన రెవెన్యూ గిర్దావరు వాకిళ్లన్నీ సడక్ వైపే ఉండాలన్నాడు. వరస అందంగా ఉంటుందట. అవ్వ వెనక వాకిలి అడిగితే, దొరల రోజులు పోయాయి, ఇక ఎవరికీ లేవనక్కర్లేదని నవ్వాడు. మంచివాడే. నాకు మాత్రం ఒళ్లు మండింది. చెప్పినంత తేలికా?

కొత్తింట్లో అవ్వకు కుదురు పోయింది. బండి చప్పుడైతే లేచేది, మోటారు వస్తే లేచేది. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ లేచేది. నేను కసిరితే కూర్చునేది, మళ్లీ లేచేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఇది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, భయంతో వచ్చింది. ఆమెను చూసి చూసి నాకూ కాలు నిలిచేది కాదు. జొన్న గట్క కంచంలోనే చల్లారిపోయేది. అవ్వ చిక్కి సగమైంది.

చివరికి మా నాయిన ముందు వాకిలి మట్టితో పూడ్చి, వెనకగోడకు వాకిలి కొట్టాడు. అవ్వ అక్కడ కూర్చుని కదలకుండా తిన్నది. నాకు ఏడుపొచ్చింది.

వరస చెడిందని ఎవరు చెప్పారో, గిర్దావరు వచ్చాడు. ఇల్లు చుట్టి వెనక్కి వచ్చేసరికి అవ్వ కంచం ఒళ్లో పెట్టుకుని తింటోంది. ముందు వాకిలి తెరవకపోతే జాగా పోతుందన్నాడు. నాయిన తల వంచుకున్నాడు. అవ్వ మాత్రం ఆయన ముఖంలోకి చూసింది.

"గీడ గూడ లేవాల్నా, సారూ?"

ఆయన తల తిప్పుకున్నాడు. కంచం చేతపట్టుకుని, ఆ మాట అవ్వ నిలబడే అడిగింది.