మూడు దాటేదాకా బస్సులోనే

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె చేతిలో సంచి కూడా లేదు. ఏ ఊరికని అడిగితే, "ఏ ఊరికీ కాదు అక్కా. మూడు గొట్టేదాక బస్సుల కూసుంట," అంది.

ఆమె తమ పట్నంలో వార్డుకు నామినేషన్ వేసింది. అక్కడ అన్ని వార్డులూ ఒకే పార్టీవి. ఎదురు నిలబడినవాళ్లను బతిమాలో, బెదిరించో నామినేషన్లు వాపసు తీయించి, ఓటింగ్ లేకుండానే ఏకగ్రీవం చేసుకుంటున్నారట. ఆమె ఒక్కతే మిగిలింది. మధ్యాహ్నం మూడింటితో వాపసు గడువు అయిపోతుంది; అందాకా వాళ్లకు దొరక్కూడదని బస్సెక్కిందట.

దారిలో వాళ్ల అన్న ఫోన్ చేశాడు. "ఎట్లైనా ఓడిపోతవ్, ఇంటికి రా. గీ పరేషాన్ ఎందుకు?" అనడం నాకూ వినిపించింది.

"ఓడిపోతే ఓడిపోత అన్నా. ఓట్లైతే పడాలె గద," అని ఆమె నెమ్మదిగా చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఇచ్చోడ వచ్చేసరికి మూడు దాటింది. ఆమె లేచి కొంగు సర్దుకుంది. "ఇగ వాపస్ పోత అక్కా. ఇల్లిల్లు తిరగాలె," అని నవ్వి దిగింది. రోడ్డు దాటి, కరీంనగర్ వైపు వెళ్లే బస్సు కోసం నిలబడింది.

ఆమె గెలిచిందో లేదో నాకు తెలియదు.

మా వార్డులోనూ రెండుసార్లుగా ఓటింగే జరగలేదు. మొన్న అన్నం తింటూ మా మామ, "ఈసారి గూడ పోటీ లేదట, మంచిదే," అన్నారు.

"ఉంటది మామా. నేను నిలబడుతున్న," అన్నాను.

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. నేను ఇంకాస్త పప్పు వడ్డించాను.