తవుడు పాస్ చెయ్యని రూల్

మా నేస్తం తవుడుని చూసి మీరు నవ్వారు. ఇది చదువుతున్నవాళ్ళలో సగం మంది. బుకాయించకండి, నేనూ నవ్వినవాణ్ణే.

నిన్న పొద్దున్న గజపతినగరం బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. తవుడి గుండె ఆగిపోయిందట.

నలభై మూడేళ్ళు.

పక్క సీటావిడ "ఏటైనాది బాబూ" అంటే, బస్సు ఆపమని లేచాను.

వాడు విజయనగరంలో కూర్చుని ఒక విదేశీ కంపెనీ బేస్‌బాల్ వీడియో గేమ్‌ని టెస్ట్ చేసేవాడు. రూల్స్ అసలు ఆటలో ఉన్నట్టే ఉన్నాయా లేదా చూడటం వాడి పని.

బేస్‌బాల్ మైదానం జన్మలో చూడలేదు. అందుకే కోసేసిన మడిలో నాలుగు ఇటుకలు బేస్‌లుగా పెట్టి, ప్రతి రూల్‌నీ మాచేత ఆడించేవాడు. మేం క్రికెట్‌గాళ్ళం. కొట్టగానే బ్యాట్ పట్టుకునే పరిగెత్తేవాళ్ళం.

"మావా, బ్యాట్ పడేసి పరిగెట్టు. అది నీ పార్టీ జెండా కాదు" అనేవాడు నన్ను.

ఒక్క రూల్ దగ్గర గేమ్ తప్పింది.

మూడోసారీ బంతి తప్పితే, అంటే మూడో స్ట్రైక్‌కి, బ్యాటర్ అవుట్. కానీ ఆ బంతిని వెనకున్న క్యాచర్ పట్టకుండా వదిలేస్తే, అప్పటికే ఇద్దరు అవుటై ఉంటే, బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి పరిగెత్తవచ్చు. అక్కడ తన జట్టు మనిషి ఉన్నా సరే. గేమ్‌లో మాత్రం ఫస్ట్ బేస్‌లో మనిషి ఉంటే బ్యాటర్ కదలడు. అవుట్ అనేస్తుంది.

"ఎవడూ గమనించడు, పాస్ అని టిక్ పెట్టు" అన్నారు పైవాళ్ళు. పెట్టలేదు. అయితే టెస్టర్ కాని మనిషి ఎవరైనా ఆడి, ఈ తప్పు పట్టుకున్న వీడియో తెమ్మన్నారు. లేకపోతే రిపోర్ట్ మూసేస్తామన్నారు.

"నువ్వొకసారి వొచ్చి సూడు మావా. నాకు పిచ్చి నేదని సెప్పు, సాలు."

మూడు ఆదివారాలు పిలిచాడు. మూడు ఆదివారాలూ నాకు మీటింగులే. పనిచేసేవాడి మాట ఎవరూ వినడం లేదని మైకులో అరుస్తున్నాను.

పోయిన వారం రిపోర్ట్ మూసేశారు.

నిన్న దహనం అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. వాడి భార్య నాగమణి లాప్‌టాప్ నా ముందు పెట్టింది.

"మీరొస్తే సూపించాలని ఇలా ఒగ్గేసినారు అన్నయ్యా. ఎలా ఆపాలో నాకు తెల్దు."

ఆడాను. బంతి క్యాచర్ చేతిలోంచి జారి వెనక్కి దొర్లింది. బ్యాటర్ నిలబడిపోయాడు. ఫోన్‌లో వీడియో తీస్తూ మళ్ళీ ఆడాను. అన్ని బటన్లూ నొక్కాను. ఆ కాళ్ళు కదలవు.

ఇది టైప్ చేస్తున్నా కళ్ళముందు ఆ బ్యాటరే.

బంతి దొర్లుతూనే ఉంది.

చూశాన్రా తవుడూ. నువ్వు చెప్పింది నిజం.

అమెరికా ఆట రూల్ మనకెందుకు అంటారు మీరు. ఉన్న రూల్‌ని ఉన్నట్టు అమలు చెయ్యమన్నాడు. అంతకంటే పెద్ద రాజకీయం నాకు తెలియదు.

సెలవు, నేస్తం. నీ మనసు కుదుటపడాలి. మాకు మాత్రం కుదుటపడకూడదు, ఇవి జరిగేదాకా:

1. ఆ రిపోర్ట్ మళ్ళీ తెరవాలి. నేనాడిన వీడియో కంపెనీకి ఇవాళే పంపాను.
2. రూల్ సరిచెయ్యాలి.
3. గేమ్ చివర వేసే పేర్లలో బొడ్డు తవుడు అని పూర్తి పేరు వెయ్యాలి.
4. పనిచేసేవాడు తప్పు చూపిస్తే బయటి సాక్షిని తెమ్మనడం మానాలి.
5. తవుడి కర్మ దినానికి వచ్చే ప్రతి ఒక్కరూ ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని ఒకసారి ఆడాలి. చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టాలి.