చెప్పే వైరుకి చెప్పే వైరు

మా ప్రొఫెసర్ క్యాంపస్ షెడ్డులో సొంతంగా చిన్న విమానం తయారుచేస్తున్నారు. చేతిలో పట్టుకునే జీపీఎస్‌ని విమానంలోని తెరకి కలిపే పని ఈ రోజు నాకూ మల్లేశ్‌కీ అప్పగించారు. నాది తెనాలి, వాడిది సిద్దిపేట. రాష్ట్రం విడిపోవాలా వద్దా అని అరుచుకుంటూనే వైర్లు కలిపాం. తెర మీద ఏమీ రాలేదు.

సార్ వచ్చి చూశారు.

"రెండిటివీ చెప్పే వైర్లే కలిపిండ్రు గదరా! ఇది చెప్తది, అది చెప్తది, ఇనేటిది లేదు. అచ్చం మీ ఇద్దరి లెక్కనే."

ఒకదాని చెప్పే వైరుని రెండోదాని వినే వైరుకి మార్చగానే తెర మీద తార్నాక కనిపించింది, పక్కన హైదరాబాద్ అని పడింది.

"రాష్ట్రం పేరు రాయలేదేంది?" అన్నాడు మల్లేశ్. నేను నోరు తెరిచేలోపే సార్ స్విచ్ ఆపేశారు.

ఈ పోస్టు కింద కామెంట్లలో విమానం గురించి ఏదైనా అడగండి. రాష్ట్రం సంగతి మాత్రం వద్దు, సార్ కూడా ఇవి చదువుతారు.